అంగుళంన్నర ఎక్కువైన కారు

చిత్తూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిగా పనిచేసేవాణ్ణి. మెడలో ఈల, నోట్లో కేక, ముక్కు మీద కోపం. ఎనిమిదేళ్ళుగా స్కూటరు కోసం వరుసలో ఉన్నాను. డెబ్భైలలో స్కూటరంటే అంతే, డబ్బు కట్టి పేరు రాయించుకుని వంతు కోసం కళ్ళు కాయలు కాచేలా చూడాలి. వంతు వస్తే మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని తిరుపతికి పోతానని మాటిచ్చాను. ఆమె దానికోసం ఒక ఆకుపచ్చ చీర కూడా పక్కన పెట్టుకుంది.

వంతు వచ్చిందని ఉత్తరం అందిన వారంలోనే ఖోఖో జట్టును తీసుకుని తిరుపతి పోవాల్సి వచ్చింది. పిల్లలతో ఒక పాత సత్రంలో దిగాను. పొద్దున పళ్ళు తోముకుంటూ వెనక్కి పోతే కట్టెల షెడ్డులో, కొబ్బరి మట్టల కింద, ఒక ముక్కు కనిపించింది. పొడుగ్గా, నాజూగ్గా, వెండిరంగు మాసిపోయిన ముక్కు. మట్టలు లాగేశాను. రెండే సీట్లు, పైకప్పు లేదు, చక్రాలకు సైకిలుకున్నట్టు పుల్లలు. దొరల సీమనుంచి ఓడలో దిగిన పందెపు కారు! సీటులో కోడి పొదుగుతోంది.

సత్రం కట్టించిన షావుకారు కొడుకు దాన్ని తోలుతూ గేటు స్తంభాన్ని గుద్దాడట. అప్పుడు పెట్టింది పెట్టినట్టే ఉందట. కట్టెలకు చోటు చాలడం లేదు, పట్టుకుపోతే పుణ్యం ఉంటుందన్నాడు మేనేజరు. కోడిని లేపి సీట్లో కూర్చున్నాను. ఆరడుగుల మనిషిని. మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకున్నాయి. పందెపు కార్లంటే ఇట్లాగే ఉంటాయి కాబోలు అనుకుని, ఆ నొప్పికి కూడా మురిసిపోయాను.

స్కూటరు వద్దని రాసిచ్చేశాను. కారు లారీలో చిత్తూరు చేరింది. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఆకుపచ్చ చీర మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది. ఇది నడిచిన రోజు పక్కసీటు మొదట నీదేనని చెప్పాను. సరేనని లోపలికి పోయింది.

మేనేజరు ఇచ్చిన కారు రిజిస్ట్రేషను పుస్తకం పట్టుకుని రవాణా ఆఫీసుకు పోతే అక్కడ ఇన్‌స్పెక్టరు, కళ్ళద్దాల మీదినుంచి చూసే రకం, తేల్చి చెప్పాడు. ఇన్నేళ్ళు మూలపడిన బండి కాబట్టి ఆరు నెలల్లో నడిపి చూపించాలి. లేకుంటే రిజిస్టరులో కొట్టేస్తారు. ఒక్కసారే చూస్తానన్నాడు. కొట్టేశాక అది కారు కాదు, పాత ఇనుము. స్కూటరు పోయి, కారు పోయి, ఇంట్లో మా ఆవిడ మొహం చూడాలంటే నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది.

ఇంజను పని నేనే పట్టాను. ఏం తెలుసని? ఏమీ తెలియదు. క్యాంపుల్లో జీపు తోలిన అనుభవం, అంతే. ఊడదీసిన ప్రతి బోల్టునూ చాప మీద డ్రిల్లు క్లాసులో పిల్లల్లాగా వరుసలో నిలబెట్టి, పక్కన సుద్దముక్కతో నంబరు వేశాను. నెల తిరిగేసరికి చాప చాలక వసారా అంతా నంబర్లే. మా ఆవిడ ఊడ్చేటప్పుడు ఒక్క నంబరు చెరిపినా ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. అరగని భాగాలకు కిరసనాయిలు స్నానం, అరిగినవాటికి పంపుసెట్లు బాగుచేసే షాపు. మూడో నెలలో హ్యాండిల్ తిప్పితే ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి వీధంతా అదిరేలా అందుకుంది. నేను వీధిలో గంతులేశాను, ముప్పైనాలుగేళ్ళ మనిషిని, సిగ్గు లేకుండా.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. రంగు గీకుదామని తలుపు పక్కన ఉలి పెడితే ఉలి లోపలికి దిగిపోయింది. అప్పుడు తెలిసింది, ఆ కారు ఒళ్ళంతా ఇనుము కాదు. కింద చట్రం ఒక్కటే ఇనుము. దాని మీద చెక్కతో గూడు కట్టి పైన రేకు తొడిగారు. ఆ చెక్కను చెదలు తినేసి, రేకు లోపల పొడి మాత్రం మిగిల్చాయి.

చెక్క అంటే గిరింపేటలో ఎద్దులబండ్లు చేసే ఆచారి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. టైరుబండ్లు, ట్రాక్టర్లు వచ్చి ఆయన దగ్గరికి పోయేవాళ్ళు తగ్గిపోయారు. కారును ఎడ్లకు కట్టి లాక్కుపోయాను. ఆయన ఒక్కో పొడిముక్కనూ చేతిలో పెట్టుకుని చూశాడు. నన్ను సీట్లో కూర్చోమన్నాడు. లెమ్మన్నాడు. చెప్పులు విడిచి ఒక వెదురుపుల్ల మీద కాలు పెట్టమని, మడమ దగ్గర ఒక గాటు, బొటనవేలి దగ్గర ఒక గాటు పెట్టాడు. ఎందుకని అడిగితే పుల్ల తీసుకుపోయి లోపల పెట్టుకున్నాడు. ఏదో వాళ్ళ శాస్త్రం అనుకుని ఊరుకున్నాను. చెక్క మటుకు అచ్చం పాతది ఎంత ఉందో అంతే ఉండాలని పదిసార్లు చెప్పాను. పదిసార్లూ తలూపాడు.

రెండు నెలలకు కొత్త గూడు సిద్ధమైంది. ఎంత నున్నగా ఉందంటే చేత్తో తడిమితే పట్టుగుడ్డ తడిమినట్టుంది. నలుగురం ఎత్తి చట్రం మీద పెట్టాం. ముందు బోల్టులు దిగాయి. వెనక బోల్టులు దిగలేదు. కొలిచి చూస్తే గూడు అంగుళంన్నర పొడుగు. పాత రేకు తొడిగితే తలుపు పక్కన అంగుళంన్నర సందు. గడువు చూస్తే నెల కూడా లేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆచారి నింపాదిగా, పాత కొలతకు ఆయం కుదరలేదు, కొంచెం సాగదీసి మంచి ఆయం పెట్టినాను అన్నాడు. ఇల్లు కట్టేటప్పుడు పొడవు వెడల్పులు మంచీచెడూ లెక్క చూస్తారే, ఆ లెక్క. పందెపు కారుకు ఆయం చూసినవాడు ఈ భూమ్మీద ఇంకొకడుంటాడా?

"బండి యజమాని కాలికి రావాల అయివారూ," అన్నాడాయన. "దొర కాలికి వస్తే నీకేం లాభం?"

మిగిలింది చెప్పనివ్వలేదు నేను. మెడలో ఈల తీసి, మాట వినని పిల్లాడి మీద ఊదినట్టు, ఆ పెద్దాయన మొహం మీద గట్టిగా ఊదాను. కొట్టంలో పనివాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన చేతిలో ఉన్న బాడిశ కింద పెట్టి లోపలికి పోయాడు. కారును అట్లాగే లాక్కొచ్చేశాను.

గూడు మళ్ళీ చేయించే టైము లేదు. కోపంతోనే పనిచేశాను. చట్రానికి కొత్తగా రంధ్రాలు వేశాను, చేతిమరతో, అరచేతులు బొబ్బలెక్కేలా. సందుకు నూనెడబ్బా రేకు కత్తిరించి మేకులు కొట్టాను. స్కూలు బెంచీలకు తెప్పించిన రంగు కొంచెం మిగిలితే అడిగి తెచ్చి పూశాను. ఆకుపచ్చ. ఆ పని చేసినన్నాళ్ళూ ఆచారిని తిడుతూనే ఉన్నాను. చెక్కబండి మొదటి గుంతలోనే విచ్చిపోతుందని వీధిలో అందరూ అన్నారు. నేనూ లోపల అదే అనుకున్నాను.

గడువుకు రెండు రోజుల ముందు ఆఫీసు దగ్గర ఇన్‌స్పెక్టరు నా పక్కసీట్లో కూర్చున్నాడు. మా ఆవిడ గేటు బయట నిలబడి ఉంది. బస్సులో వచ్చింది, ఆకుపచ్చ చీర కట్టుకుని. నా చేతులకు చెమట పట్టి స్టీరింగు జారుతోంది.

మురకంబట్టు వైపు పోనిమ్మన్నాడు. గుంతల్లో దించమన్నాడు. దించాను. ఒక్క కీలు కిర్రుమనలేదు. ఆయన తలుపు పట్టుకుని ఊపాడు, వీపుతో సీటును తోశాడు, చెవి పెట్టి విన్నాడు. తర్వాత దిగుడులో వేగం పెంచమన్నాడు. పెంచాను. గాలికి నా చొక్కా బుడగలా ఉబ్బింది. ఉన్నట్టుండి అరిచాడు.

"ఆపు!"

కాలు దానంతట అది లేచి బ్రేకు మీద పడింది. కారు రోడ్డుకు అతుక్కున్నట్టు నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు సర్దుకుని, పర్లేదు, గట్టి బండే అన్నాడు. పుస్తకంలో సంతకం పెడతానన్నాడు. నేను ఆ మాట సగమే విన్నాను. నా మోకాలి వైపు చూసుకుంటున్నాను. మోకాలికీ స్టీరింగుకూ మధ్య రెండు వేళ్ళు దూరేంత చోటు ఉంది. సత్రంలో కూర్చున్నప్పుడు కొట్టుకున్న మోకాలు ఇప్పుడు ఎందుకు తగల్లేదు? సీటు అంగుళంన్నర వెనక్కి పోయింది కాబట్టి. పాత కొలతే అయితే నా కాలు స్టీరింగు కింద ఇరుక్కుని, ఇద్దరం పోయి ఎదురుగా ఉన్న మైలురాయిని గుద్దేవాళ్ళం. షావుకారు కొడుకు స్తంభాన్ని ఎందుకు గుద్దాడో కూడా అప్పుడే అర్థమైనట్టయింది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది, రెండూ ఒకేసారి.

సంతకమైన పుస్తకం చేతిలో పట్టుకుని గేటు దగ్గర మా ఆవిడకు మోకాలి సంగతి మొత్తం చెప్పాను, ఈల సంగతితో సహా. ఈల సంగతి ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు. ఆమె పక్కసీటు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ముందు గిరింపేటకు పోండి," అంది. "ఇంకో గంట ఆగలేనా?"

ఆచారి కొట్టం ముందు కారాపి దిగాను. స్కూల్లో హెడ్మాస్టరుకు కూడా తప్పయిందని చెప్పినవాణ్ణి కాదు.

"తప్పు నాది పెద్దాయనా. నీ కొలతే నన్ను కాపాడింది," అన్నాను.

ఆయన లేచి దూలం మీద నుంచి ఒక కట్ట దించాడు. అన్నీ వెదురుపుల్లలే, ఒక్కోదానికి రెండు గాట్లు. ఆయన చేసిన ప్రతి బండికీ దాని యజమాని కాలు. చివర కొత్తగా ఉన్నది నాది. అంత జరిగాక కూడా దాన్ని పారేయలేదు. 

"ఎక్కు పెద్దాయనా," అన్నాను.

ఆయన కండువా దులుపుకుని ఎక్కాడు. రెండుసార్లు సీటులో సర్దుకుని, తలుపు పక్కన నేను కొట్టిన రేకు మీద చెయ్యి పెట్టి, ఈడ రంగు సరింగా పుయ్యలేదే అన్నాడు. పూస్తాన్లే అన్నాను. ఇంజను అందుకుంది. అప్పుడు ఆయన నా వైపు చెయ్యి చాపాడు.

"ఆ పొద్దు నా మొగమ్మీద ఊదినావే, ఆ ఈల ఇట్లియ్యి."

తీసి ఇచ్చాను. గిరింపేటలో మొదలుపెట్టి బజారు దాటి మా ఇంటిదాకా, ఎడ్లబండ్లూ రిక్షాలూ పక్కకు తప్పుకునేలా, నన్ను హారను ముట్టుకోనివ్వకుండా, దారి పొడవునా ఆయనే ఊదాడు.