ఎండిన బోర్ల జాబితా

మీరు రాసినదాన్ని, మీ మాట ఒప్పుకోని మనిషి చేతికి ఎప్పుడైనా ఇచ్చారా? నేను ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్లు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసి, చప్పట్లు కొట్టేవాళ్లకే చదివి వినిపించాను.

చేవెళ్లలో కాలేజీ పాఠాలు చెబుతూ పరిశోధన గ్రాంటుకు రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. రెండూ తిరిగొచ్చాయి. ఇది మూడోది. వచ్చే ఏడాది రిటైరవుతాను, తర్వాత అర్హత ఉండదు. బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. కాయ లేచి నిలబడ్డచోట నీళ్లున్నట్టు లెక్క. అది వట్టి భ్రమ అని రుజువు చేయడమే నా పరిశోధన. సురంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఎండలో తిరిగి, కాయ చూపినచోట వేసి ఎండిన బోర్ల కథలన్నీ రాసుకుని నలభై పేజీలు తయారుచేశాను.

గడువుకు నాలుగు రోజుల ముందు, మొయినాబాద్‌లో ఉండే ఒక భూగర్భజల శాస్త్రవేత్తకు చూపించాను. ఏళ్ల తరబడి ఇలాంటి దరఖాస్తులు పరిశీలించి రిటైరైన మనిషి. పెన్సిల్ పట్టుకుని చదువుతూ ఆవిడ పదో పేజీలో ఆగింది.

"అన్నీ ఎండినయే ఉన్నయి. నీళ్లు పడ్డ బోర్ల కాడికి పోలేదా సార్?"

"అది నా విషయం కాదు మేడం."

మేడం ఇంటికి కూరగాయలు తెచ్చి, అరుగు మీద చిక్కుడుకాయలు దించుతున్న రైతు అవ్వ నవ్వింది. "ఎండిన బోర్లకు పరామర్శకు పోయొచ్చినవా సారు? మా చేన్ల కాయ నిలబడ్డకాడనే నీళ్లు పడ్డయి. మా దిక్కు రాకపోతివి."

నాకు వాదన పొంగుకొచ్చింది. మేడం చేయి అడ్డం పెట్టింది.

"కాయ పట్టేటాయన నీళ్లు పడ్డయే చెప్పుకుంటడు. మీరు ఎండినయే చెప్తున్నరు. ఇద్దరికి ఫరక్ ఏమున్నది? కొబ్బరికాయకు ఏం తెల్వదని నేను గూడ అంటున్న. గాని రుజువేది? కాయతోని పెట్టిన బోరు పాయింట్లు, నీళ్లు చూసే మిషన్‌తోని పెట్టినయి, ఊరికె తోచినకాడ వేసినయి, అన్ని పక్కపక్కన పెట్టి చూస్తనని రాయుండ్రి. ఏం తేలినా ఒప్పుకుంటనని గూడ రాయుండ్రి."

బస్టాపులో ఆ నలభై పేజీలూ మళ్లీ తిరగేశాను. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. ఇన్నేళ్లు ఎదుటివాళ్లలో వేలెత్తి చూపిన తప్పు నలభై పేజీల నిండా నా చేతిరాతలోనే ఉంది.

మర్నాడు అవ్వ చేనికి వెళ్లాను. మోటరు నడుస్తోంది, పైపు నిండా నీళ్లు. కొత్త కాగితం తీసి మొదటి వరుస రాశాను.

"నీళ్లు పడ్డయని రాసినవా సారు?"

"రాశానవ్వా."

"కాయ సంగతి?"

"అదీ రాశాను."

"మరి ముఖం గట్ల పెట్టినవేంది?"

చివరి రోజున దరఖాస్తు పంపాను. పన్నెండు పేజీలే, ఏం తేలినా ఒప్పుకుంటానన్న మాటతో సహా. జవాబు ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. అలసిపోయాను గానీ, దాంట్లో నేను సిగ్గుపడాల్సిన పేజీ లేదు.

మీ బల్ల మీద రాసిపెట్టుకున్నది ఏదో ఉంటుంది. దాన్ని మెచ్చుకోని మనిషెవరో మీకు తెలుసు. ఈరోజే తీసుకెళ్లి ఇవ్వండి. ఆ మనిషి చదివినంతసేపూ నోరు మూసుకుని కూర్చోండి.