ఫైరింజన్ ఎక్కడ ఆంటీ?

రాకెట్లంటే నాకు పిచ్చి. యాభై దాటినా తగ్గలేదు. ప్రయోగం ఉన్న రోజు ఇంటికి ఎవరొచ్చినా టీవీ ఆపను. అంతరిక్షం మీద వచ్చిన సినిమాలు, కామిక్సులు దొరికినవేవీ వదలను. కూర్మన్నపాలెంలో మా చుట్టుపక్కల వాళ్లకి నేనొక పెద్ద జోకు. దానికి అలవాటు పడిపోయాను. మధురవాడలో జరిగినదానికి మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్కడి మాల్‌లో సైన్సు, కామిక్సు అభిమానుల మేళా పెట్టారు. వేషాల పోటీ కూడా ఉంది. వయసుతో పనిలేదని పోస్టరు మీదే రాశారు. స్టీల్ ప్లాంటులో పనిచేసే మా ఆయన డ్యూటీకి ఒంటినిండా తొడుక్కునే పాత బాయిలర్ సూటు తీసుకుని, నారింజ రంగు వేసి, వ్యోమగామి సూటు కుట్టడం మొదలుపెట్టాను. హెల్మెట్ బిగించే, తలతో పాటు తిరగాల్సిన మెడ రింగు మాత్రం ఎంతకీ కుదరలేదు. వన్‌టౌన్‌లో బండి సీట్లు కుట్టే ఒక ముస్లిం కుర్రాడు ఉన్నాడు, తమ్ముడూ అని పిలుస్తాను, అతనికీ నాలాగే రాకెట్ల పిచ్చి. "తల ఇటు తిప్పక్కా, పట్టేత్తందా?" అంటూ, విప్పి మళ్లీ కుట్టి, చివరికి కుదిర్చాడు.

మేళాకి నేనూ తమ్ముడూ వెళ్లాం. గేటు దగ్గర ఒకమ్మాయి, "పేరెంట్స్ అటు కూర్చోవాలి ఆంటీ" అంది.

"నాను పోటీకొచ్చానమ్మా" అన్నాను.

నాకంటే ముందు స్టేజీ ఎక్కిన కుర్రాడిని, ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ తుపాకీ గురించి యాంకర్ ఎన్ని ప్రశ్నలడిగాడో! నన్నూ నా నారింజ సూటునీ చూడగానే మైకులో, "ఫైరింజన్ ఎక్కడ పార్క్ చేశారాంటీ?" అన్నాడు. హాలంతా గొల్లుమంది.

"ఇది నాను కుట్టిన సూటు" అన్నాను.

"సూపర్! మరి ఈరోజు ఇంట్లో వంటెవరు చేశారు?"

మళ్లీ నవ్వులు. తొడ మీద ఆ జేబెందుకో, నడుం దగ్గర గొట్టం ఎందుకో చెప్పాలని ఇంటి నుంచి దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఒక్క ముక్క అడగలేదు. పైగా చివర్లో పిలిచి, 'స్ఫూర్తినిచ్చే అమ్మ' అని ఒక ప్రైజు ప్రకటించి, చేతిలో కుక్కర్ పెట్టారు. నాకు పిల్లలే లేరు.

మైకు లాక్కున్నాను. "అమ్మనని మీకెవలు సెప్పారు? వయసుతో పని లేదని రాసారు కదా, అది సదివే వచ్చాను. వంట గురించి అడగడానికా నన్నిక్కడ నిలబెట్టారు?"

"సరదాకన్నాను ఆంటీ..."

"నవ్విందంతా మీరు. నాకేటి సరదా?"

కుక్కర్ అతని కాళ్ల దగ్గర పెట్టి దిగిపోయాను. తమ్ముడొక్కడే లేచి చప్పట్లు కొట్టాడు.

మర్నాటికి మేళా వాళ్లు నెట్‌లో వీడియో పెట్టారు. అందులో యాంకర్ జోకులున్నాయి, జనం నవ్వులున్నాయి. నా మాటలు కత్తిరించేశారు.

"ఒగ్గీ, నాలుగు రోజులైతే అందరూ మర్సిపోతారు" అన్నాడు మా ఆయన.

"నీ మీద నవ్వితే ఒగ్గేద్దువా?" అని అరిచాను.

ఫోన్ చేస్తే నిర్వాహకులు, "వ్యూస్ బాగా వస్తున్నాయాంటీ, మీరు ఫేమస్" అన్నారు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని సీతమ్మధారలో వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. కూర్చోమన్నారు, టీ తెప్పిస్తామన్నారు. వీడియో తీసేదాకా కూర్చోనన్నాను. వాళ్లలో వాళ్లు కాసేపు గొణుక్కున్నారు. చివరికి ఒకతను నా కళ్లముందే తీసేశాడు. అయినా అప్పటికే మా వీధిలో ఫోన్లన్నిటికీ అది చేరిపోయిందని నాకు తెలుసు.

తలుపు దగ్గరికి వచ్చాక అతనే వెనక నుంచి అడిగాడు.

"ఆ మెడ రింగు నిజంగా తిరుగుతుందా అండీ? ఎలా చేశారు?"

నేను జవాబివ్వకుండా మెట్లు దిగాను.

"ఆడు బాగానే అడిగాడు కదక్కా, సెప్పొచ్చు కదా" అన్నాడు తమ్ముడు.

నాకు చెప్పబుద్ధి కాలేదు.