చెక్క పెట్టి తీసుకో

దయ్యాలు, గాలి, ధూళి ఇట్లాంటివి నేను నమ్మను. నమ్మేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తాది కూడా. ఆత్మకూరు బస్టాండు దగ్గర మాది ఫ్యాన్సీ షాపు. దిష్టి తాళ్లు, నల్లపూసలు, దిష్టి బొమ్మలు అన్నీ నేనే అమ్ముతాను. పాతికేళ్లుగా అమ్ముతున్నానే గానీ ఒక్క తాడు కూడా నా చేతికి కట్టుకోలేదు. మా ఆయన దీనికి నన్ను ఆటపట్టిస్తా ఉంటాడు.

అట్లాంటిదాన్ని నేను. నాకే ఇది జరిగింది, అదీ పట్టపగలు, పదకొండు గంటలప్పుడు, హైదరాబాదులో.

ముందు మా నాయన సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా ఊరు సోమశిల డ్యాం కింద ముంపులో పోయింది. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గితే ఇప్పటికీ ఒకటి రెండు గోడలు కనపడతాయి. ఆ ఊళ్లో మాకు చిన్న చిల్లర కొట్టు ఉండేది. కొట్టు పక్క గదిలో నాయన ఒక లైబ్రరీ నడిపేవాడు. లైబ్రరీ అంటే పెద్దది అనుకునేరు. రెండు చెక్క బీరువాలు, ఒక చాప, ఒక లాంతరు, అంతే. ఊళ్లో సగం మందికి సంతకం రాదు. అందుకని నాయన ఉదయగిరి పోయి, అక్కడ గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర ఇంటికొక చిన్న చెక్క చేయించుకొచ్చినాడు. ఒక్కో చెక్క మీద ఒక్కో ఇంటి గుర్తు. చేపలు పట్టే ఇంటికి చేప, సేద్యం చేసే ఇంటికి నాగలి, మా ఇంటికి త్రాసు. పుస్తకం తీసుకున్నోళ్లు ఆ ఖాళీలో తమ చెక్క పెట్టాలి. పుస్తకం తిరిగి తెచ్చినప్పుడు చెక్క పట్టుకపోవాలి. రాతకోతలు లేవు, సంతకాలు లేవు. ఎవరన్నా బీరువా ముందర నిలబడి నీళ్లు నములుతా ఉంటే నాయన లోపలనుంచే అరిచేవాడు, "చెక్క పెట్టి తీసుకో" అని. ఆ మాట మా ఊరిది. ఇంకెక్కడా నేను వినలేదు.

ఊరు ఖాళీ చేసేటప్పుడు నాకు ఏడేళ్లు. సామాన్లు బండ్లకెక్కిస్తా ఉంటే ఈ పుస్తకాలు ఏం చేయాలని నాయనకు ఒకటే దిగులు. అప్పుడు ఒక జీపు వచ్చిందంట. ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన దిగి, పుస్తకాలు నీళ్లపాలు చేయొద్దు, సిటీలో పెద్ద లైబ్రరీకి చేరుస్తాను అన్నాడంట. ఆయనదీ ఉదయగిరి పక్కే, మన మాటే. బియ్యం గోతాలు నాలుగింటికి సరిపోయినాయి పుస్తకాలు. జీపు ఎక్కబోతా ఆయన నవ్వి, "మీ పద్ధతి తప్పించేదెందుకులే" అని, చెవిమీద ఉన్న పెన్సిలు తీసి ఖాళీ బీరువాలో పెట్టిపోయినాడంట. ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం రాసే లావు పెన్సిలు. ఆయన పేరేందని నాయన అడగలేదు. రసీదు అడగలేదు. చెక్క పెట్టినాడు గదా, ఇంకేం కావాల అనుకున్నాడు. అట్లాంటి తప్పు మా నాయన ఒక్కడే చేస్తాడు.

ఊరోళ్లు ఎక్కువమంది అనంతసాగరం పక్క చేరినారు, మేము ఆత్మకూరు వచ్చేసినాము. నాలుగు రోజులకే మాట పుట్టింది. కొట్టుగల్లోడు గదా, పుస్తకాలన్నీ చించి పప్పు పొట్లాలు కట్టుకున్నాడు అని. "పెన్సిలుకు నాలుగు మూటల పుస్తకాలు ఇచ్చినాడంటరా" అని నవ్వినారు. ఊళ్లో పశువులకు ఏం జబ్బొచ్చినా అందరూ చూసే పుస్తకం ఒకటుండేది, దానికోసం నరసయ్య మామ బాగా గొడవపడినాడు. మామ నాయనకు ప్రాణ స్నేహితుడు. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. నాయన మళ్లీ అనంతసాగరంలో అడుగు పెట్టలేదు. షేర్ ఆటో ఎక్కితే ఎంత దూరమని! నలభై ఏళ్లకు పైన పోలేదు.

ఇంక నా పాపం చెప్తాను. నేనూ నమ్మలేదు. చిన్నప్పుడు మా కొట్లో అచ్చు కాగితాల్లో కట్టిన పొట్లాలు నా కండ్లతో చూసినాను. అవి ఏం కాగితాలో ఏడేళ్ల పిల్లకు ఏం తెలుస్తాది? కానీ ఆ అనుమానం లోపల ఉండిపోయింది. నాలుగేళ్ల కిందట, ఆ పెన్సిలు దాచినానని నాయన చెప్పే ట్రంకుపెట్టె అడ్డంగా ఉండాదని, పాత సామాన్లకు వేసేద్దామని నేను గొడవ పెట్టుకున్నాను. నా నోరు మంచిది కాదు, అందరికీ తెలుసు. "ఆ పెన్సిలు కథ నేను గూడా నమ్మలేదులే నాయనా" అనేసినాను.

నాయన ఆ పూట అన్నం తినలేదు. పెట్టెకు తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను పోయినాక తీసి చూసుకో" అన్నాడు. ఆ తర్వాత పుస్తకాల మాట ఎప్పుడూ ఎత్తలేదు. అన్న మాటను వెనక్కి తీసుకునే దారి లేక నాలుగేళ్లు నేను ఎంత ఏడ్చినానో నాకే తెలుసు. ఆయనకు ఎనభై దాటినాయి.

మొన్న మా అమ్మాయి దగ్గరికి హైదరాబాదు పోయినాను. అక్కడే ఉద్యోగం దానికి. పోయేముందు ఉదయగిరి నుంచి చెక్క గరిటెలు తెప్పించి సంచిలో వేసుకున్నాను, దాని స్నేహితులకు ఇష్టమంట. రెండు రోజులు ఊరంతా తిప్పింది. మూడోరోజు పొద్దున్నే, అమ్మా, ఈరోజు పాత లైబ్రరీ చూపిస్తాను, టూరిస్టులందరూ వస్తారు, ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి అనింది.

"లైబ్రరీ చూసేదేందే, చదువుకునేది గానీ" అన్నాను. నా మోకాళ్ల నొప్పి దానికి పట్టదు.

ఏ లైబ్రరీనో పేరు రాయను. వాళ్లకెందుకు ఇబ్బంది. నూరేళ్ల పైబడిన బిల్డింగు. ఎత్తు కప్పు, లావు స్తంభాలు, పొడుగు కిటికీలు. ఇరవైమందిమి ఒక గుంపుగా పోయినాము. చూపించే అబ్బాయి ఇంగ్లీషులో, హిందీలో చెప్తా ఉన్నాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పైఅంతస్తు చేరేసరికి నా మోకాళ్లు పట్టేసినాయి. నేను ఇక్కడే కూర్చుంటాను, మీరు పోయి రండి అని ఒక బల్లమీద కూలబడినాను. గుంపు పక్క హాల్లోకి పోయింది.

నా ముందర అద్దాల తలుపుల అల్మారాలు వరసగా ఉండాయి. అన్నిట్లో పాత తెలుగు పుస్తకాలు. నేను వాటి గురించి ఏమీ ఆలోచించడం లేదు. మధ్యాహ్నం అన్నం ఎక్కడ తినాలా అని ఆలోచిస్తా ఉన్నాను, నిజం చెప్పాలంటే.

ఒకాయన అల్మారా దగ్గర అటు తిరిగి పుస్తకాలు సర్దుతా ఉన్నాడు. ఎప్పుడు వచ్చినాడో నేను చూడలేదు. ఖాకీ చొక్కా. మాటిమాటికీ చెయ్యెత్తి చెవి వెనక తడుముకుంటా ఉన్నాడు. నావైపు తిరగకుండానే అన్నాడు.

"చూస్తా కూర్చుంటే ఏముండాది? చెక్క పెట్టి తీసుకో."

నాకు భయం వేయలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. రెండు రోజులుగా హైదరాబాదు మాట విని విని ఉన్నాను, మన మాట చెవిన పడేసరికి ప్రాణం లేచొచ్చింది. లేచి పోయినాను. తలుపు తెరిచి ఉండాది. ఎదురుగా ఉన్న పుస్తకం తీసినాను. ఖాళీ కనపడింది. చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి, ఇంకా పంచని గరిటెల్లో ఒకటి తీసి ఆ ఖాళీలో నిలబెట్టింది. చిన్నప్పటి అలవాటు. అప్పుడు తట్టింది నాకు, చెక్క మాట ఈయనకెట్లా తెలుసు అని. తిరిగి చూస్తే ఎవరూ లేరు. చెక్క నేల, ఎవరు నడిచినా కిర్రుమంటాది. ఏ చప్పుడూ వినలేదు నేను.

చేతిలో పుస్తకం తెరిచినాను. మొదటి పేజీలో గుండ్రంగా ఊదారంగు ముద్ర. మా ఊరి పేరు. కింద నాయన చేతిరాత, ఆయన 'ల' వంకర నాకు తెలియదా? లోపల ఆవు బొమ్మ, పొదుగువాపుకు మందులు. నరసయ్య మామ గొడవపడిన పుస్తకం అది.

నేను గట్టిగా ఏడ్చేసినాను. ఏమైందో అని మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, దాని వెనకాలే అక్కడ పనిచేసే ఒకమ్మాయి తాళాల గుత్తితో వచ్చింది. నా చేతిలో పుస్తకం చూసి ఆ పిల్ల మొహం మాడిపోయింది.

"అమ్మా, ఇదెట్ల తీసిన్రు? ఇవి ఎవరికీ ఇయ్యం."

తలుపు తెరిచుంటే తీసినాను అని చూపించబోయినాను. తలుపు వేసి ఉండాది. తాళం వేసి ఉండాది. అద్దం లోపల, పుస్తకాల మధ్యన, నా గరిటె నిలబడి ఉండాది.

ఆ పిల్ల తాళంచెవి పెట్టి తిప్పితే మొదట రాలేదు, బిగుసుకుపోయి ఉండాది. మూడోసారికి వచ్చింది. నొక్కితే పడే తాళం కాదది, చెవి పెట్టి తిప్పితేనే పడేది. నేను కూడా వేసి చూసినాను. ఖాకీ చొక్కా ఆయన సంగతి అడిగితే, ఇక్కడ ఖాకీ ఎవరూ వెయ్యరమ్మా, ఈ హాల్లో పొద్దటినుంచి నేనొక్కదాన్నే అనింది. పాపం, మంచి పిల్ల. నా ఏడుపు చూసి మంచినీళ్లు ఇచ్చింది. ఆ అల్మారాలో రెండు అరల నిండా మా ఊరి ముద్ర వేసిన పుస్తకాలే. ఒక్కోటి తీసి చూపించింది. ఫోటోలు తీసుకోనిచ్చింది. పుస్తకం దాని చోట్లో పెట్టి నా గరిటె నాకిచ్చేసింది.

పుస్తకాలు అక్కడ ఉండటంలో వింతేమీ లేదు. నాయన మొదటినుంచీ చెప్తానే ఉండె. మేమే వినలేదు.

మర్నాడు ఆత్మకూరు వచ్చి, చెప్పులు విప్పి నేరుగా నాయన మంచం దగ్గరికి పోయినాను. ఫోనులో ముద్ర చూపించినాను. ఆయన దాన్ని వేలితో తాకితే బొమ్మ పెద్దదయింది, ఆయన చేతిరాత ఫోను నిండా వచ్చింది. చానాసేపు చూసినాడు.

"నేను నమ్మలేదు నాయనా. తప్పయిపోయింది" అన్నాను. నాలుగేళ్లుగా గొంతులో ఉన్న మాట.

"తీసుకున్నావు సరే, చెక్క పెట్టినావా?" అని అడిగినాడు.

గరిటె సంగతి నేనింకా చెప్పలేదు. లైబ్రరీ నడిపిన మనిషి, అలవాటుగా అడిగినాడేమో. నాకు తెలియదు. జరిగిందంతా చెప్పినాను, ఖాకీ చొక్కా, చెవి వెనక తడుముకోవడం, అన్నీ. నాయన వింటా వింటా లేచి కూర్చుని, "పెట్టె తియ్యి" అన్నాడు.

తాళంచెవి నా గుత్తిలోనే ఉండాది. హైదరాబాదు పోయినప్పుడు కూడా నా సంచిలోనే ఉండె. ఇంకో చెవి లేదు. పెట్టె తెరిచినాను. పాత పంచె కింద ఒక గుడ్డ మూట. మూట విప్పితే త్రాసు గుర్తున్న మా ఇంటి చెక్క ఉండాది. దాని పక్కనే గుడ్డమీద ఎరుపు ఒకపక్క, నీలం ఒకపక్క మరక. ఆ రెండు మరకల మధ్య జానెడు చోటు. పెన్సిలు లేదు.

పెట్టెలో సామాన్లన్నీ కింద పోసి ఎతికినాను. పంచెలు దులిపినాను. అయ్యో నాయనా, నలభై ఏళ్లు దాచుకున్నావే, నేనే పోగొట్టినానా అని ఏడుస్తా ఎతుకుతా ఉంటే, నాయన నవ్వినాడు. ఆయన అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో.

"ఎందుకే ఎతుకుతావు? పుస్తకం మన చేతికి ఇచ్చినాడు గదా. ఆయన చెక్క ఆయన పట్టుకపోయినాడు."

మరుసటి రోజు పొద్దున్నే నాయన ఉతికిన చొక్కా వేసుకుని, మా ఆయనను వెంటబెట్టుకుని, ఫోను పట్టుకుని అనంతసాగరం షేర్ ఆటో ఎక్కినాడు. సాయంత్రం మునక్కాయల కట్టతో దిగినాడు. నరసయ్య మామ చెట్టువంట. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రాత్రి మునక్కాయ పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

తాళం వేసిన అల్మారాలోకి నా గరిటె ఎట్లా పోయిందో, తాళం వేసిన పెట్టెలోనుంచి ఆ పెన్సిలు ఎట్లా పోయిందో నాకు తెలియదు. మా అమ్మాయి ఇంజనీరు, అది కూడా రెండు రోజులు ఆలోచించి వదిలేసింది. దిష్టి తాళ్లు నేను ఇప్పటికీ అమ్ముతానే ఉన్నాను, ఇప్పటికీ కట్టుకోలేదు. మా నాయన ఏదన్నా చెప్తే మాత్రం, నిజమా అని అడగడం మానేసినాను.