రైటర్ చెంచయ్య వెతికిన సైకిళ్లు

రావిగుంటపాలెం పోలీస్ స్టేషన్‌లో చెంచయ్య రైటర్. హోదాకి హెడ్ కానిస్టేబులే గాని, లాఠీ పట్టుకుని ఆయన బజారులోకి వెళ్లడం ఊళ్లో ఎవరూ పెద్దగా చూళ్లేదు. ఫిర్యాదులు రాసుకోవడం, కేసు డైరీలు సరిచూడటం, కోర్టుకు వెళ్లే కాగితాలు సిద్ధం చెయ్యడం ఆయన పని. చేతిరాత అచ్చు కొట్టినట్టుంటుందని కోర్టు గుమాస్తాలు కూడా అంటారు.

తండ్రికి ఇంకొల్లు దగ్గర నాలుగెకరాల పత్తి చేను ఉండేది. పురుగు మందు ట్యాంకు వీపున వేసుకుని రెండు సీజన్లు తిరిగాక, ఇది తన ఒంటికి పడదని చెంచయ్యకు తెలిసిపోయింది. పోలీసు సెలక్షన్లకు వెళ్లాడు. పరుగులో చివరి నించి మూడోవాడిగా వచ్చి కూడా రాత పరీక్షలో గట్టెక్కాడు. చేను తమ్ముడు చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో చెంచయ్యకు మెడల్ రాలేదు, మెమో కూడా రాలేదు. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. స్టేషన్‌కి రెండు వీధుల అవతల అద్దె ఇంట్లో ఆయనా, భార్య వెంకటేశ్వరమ్మా ఉంటారు.

సైకిల్ పోయిందని ఎవరైనా వస్తే ఆయన చెప్పే మాట ఒకటే.

“సైకిలేగా. చుట్టుపక్కల వెతుక్కోండి. ఎవరో అవసరానికి తీసుకెళ్లుంటారు.”

మరీ పట్టుబడితే తెల్ల కాగితం మీద అర్జీ రాయించుకుని బీరువాలో పెట్టేవాడు. కేసు కట్టేవాడు కాదు. కడితే అది తేలని కేసుల లెక్కలో చేరుతుంది, నెలాఖరు మీటింగులో ఎస్సైగారు పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. ఆయన పనిచేసిన ప్రతిచోటా అదే పద్ధతి. అందులో తప్పుందని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

రెండేళ్ల కిందట, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో కోటిరత్నం స్టేషన్‌కి వచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి. హైవే పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. లోపలికి రాగానే బల్ల దగ్గర కూర్చున్న హోంగార్డుకి తుమ్ములొచ్చాయి. ఆమె చీర నిండా మిరప ఘాటే.

“సైకిలు పోయింది సార్,” అంది.

చెంచయ్య తల ఎత్తకుండానే చెప్పాల్సింది చెప్పాడు. కోటిరత్నం కదల్లేదు.

“వెతికాను సార్. మూడు రోజుల నించీ అదే పని. బస్టాండు చూశా, చెరువు కట్ట చూశా, మూడు వీధుల్లో ఇంటింటికీ పోయి అడిగా. నేను వెతకాల్సింది అయిపోయింది. ఇంక మీరు వెతకండి.”

కోపంగా అనలేదు. గట్టిగానూ అనలేదు. ఒక పనిని ఇంకొకరికి అప్పజెప్పినట్టు అంది. చెంచయ్య తల ఎత్తి చూశాడు.

“ఏం సైకిలమ్మా?”

“మా అమ్మాయిది. శ్రీరమ్య. తొమ్మిదో తరగతిలో బళ్లో ఇచ్చారు. అదిప్పుడు గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. సైకిలు నేను తొక్కుతున్నా.”

“బళ్లో ఇచ్చినవన్నీ ఒక్క రకమేగా. అందులో నీది ఇదని ఎట్లా తెలుస్తుంది?”

“చైను మీద రేకుంటది చూడండి, దాని మీద మా అమ్మాయి కాంపాస్ ముల్లుతో పేరు గీసింది. శ్రీరమ్య, తొమ్మిది బి అని. అప్పుడు దాన్ని తిట్టాను, కొత్త సైకిలు పాడు చేశావని.”

ఆయన అర్జీ రాసుకున్నాడు. ఆమె వేలిముద్ర వెయ్యకుండా సంతకం చేసి వెళ్లిపోయింది.

మరుసటి వారం మళ్లీ వచ్చింది. నాలుగు కిలోమీటర్లు నడిచి పనికి వెళ్లి, అంత దూరమూ నడిచి వచ్చి, స్టేషన్‌లోకి అడుగు పెట్టింది.

“ఏమన్నా తెలిసిందా సార్?”

“చూస్తున్నామమ్మా.”

“ఎక్కడ చూశారు?”

చెంచయ్య అర్జీని బీరువాలో పెట్టాడు, అంతే. ఎక్కడా చూడలేదు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు కాని, ఆమె నిజంగానే తెలుసుకుందామని అడుగుతోందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. తను ఎక్కడెక్కడ చూసిందో పోయిన వారం వరసగా చెప్పిన మనిషి. పోలీసులు కూడా అలాగే చూసి ఉంటారని నమ్మి అడుగుతోంది.

“వచ్చే వారం చెప్తా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి వెళ్లలేదు. బీరువా తెరిచి సైకిళ్ల అర్జీలన్నీ బయటికి తీశాడు. ఏడాదిన్నరలో పదిహేడు వచ్చాయి. అన్నీ తన చేతిరాతే. ఎప్పుడు, ఎక్కడ, ఏ వేళప్పుడు పోయిందో ప్రతి దాంట్లోనూ ఉంది. అన్నీ ఒక్కసారి బల్ల మీద పరిచి చూడటం మాత్రం అదే మొదలు. పదిహేడింట్లో పన్నెండు శనివారమే పోయాయి. శనివారం ఊళ్లో సంత. ఆ రోజు కోల్డ్ స్టోరేజీ గేటు బయటా, బస్టాండు దగ్గరా సైకిళ్లు కుప్పలుగా ఉంటాయి.

కాగితాలు పట్టుకుని ఎస్సై రఘురామ్ గదిలోకి వెళ్లాడు. రఘురామ్‌కి ముప్పై ఏళ్లు, డైరెక్టుగా ఎస్సైగా వచ్చాడు, పని తెలిసినవాడు. అంతా విన్నాడు.

“చెంచయ్య గారూ, బైకుల ముఠాని పట్టుకోమని పైనుంచి రోజూ ఫోన్లు. సైకిళ్ల కోసం మనిషిని ఎక్కడ్నించి తేను?”

“మనిషి వద్దండి. నేనే చూస్తా.”

“మీరా?” అని రఘురామ్ నవ్వాడు. “సరే, డ్యూటీకి అడ్డం రాకుండా చూసుకోండి. కావాలంటే కానిస్టేబుల్ త్రినాథ్‌ని తీసుకెళ్లండి.”

చెంచయ్య ముందు సైకిల్ షాపు మస్తాన్ దగ్గరికి వెళ్లాడు. పదిహేడు సైకిళ్లు ఎత్తుకెళ్లినవాడు వాటిని ఎక్కడ అమ్ముతాడని అడిగాడు.

మస్తాన్ ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ చెప్పాడు. “ఈ ఊళ్లో అమ్మడు సార్. ఇక్కడ ఎవరి సైకిలు ఏదో నాకే కాదు, అందరికీ తెలుసు. బయటూరి జనం ఎక్కడుంటే అక్కడ అమ్ముతాడు. మార్టూరు వైపు చూడండి. రాళ్ల పాలిష్ పనికి ఒడిశా నించి, బీహార్ నించి ఎంతమంది వచ్చారు. వాళ్లకి సైకిలు లేకపోతే గడవదు.”

ఆదివారం చెంచయ్య లుంగీ కట్టుకుని, మోపెడ్ మీద మార్టూరు వెళ్లాడు. సినిమాకా అని వెంకటేశ్వరమ్మ అడిగితే, సైకిల్ కోసం అన్నాడు. ఈ వయసులో సైకిలెందుకని ఆమె వాకిట్లోంచి అంటూనే ఉంది.

పాలిష్ యూనిట్ల వెనక కూలీల రేకుల షెడ్లు. వాటి ముందు సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. రాతి పొడి పేరుకుని అన్నీ ఒకే తెలుపు. ఏది ఏ రంగో తెలియడం లేదు. చెంచయ్య తువ్వాలు తీసి ఒక్కొక్క చైను రేకూ తుడుచుకుంటూ పోయాడు. మూడో షెడ్డు ముందు, ఐదో సైకిల్ రేకు మీద గీతలు కనిపించాయి. కూర్చుని ఇంకాస్త గట్టిగా తుడిచాడు. ‘శ్రీరమ్య 9 బి’. ‘శ్రీ’ చుట్టూ చిన్న పువ్వు కూడా గీసి ఉంది.  పోయిన వస్తువును తన కళ్లతో తను కనిపెట్టడం సర్వీసు మొత్తంలో ఆయనకు అదే మొదటిసారి.

షెడ్డులోంచి నలభై ఏళ్ల మనిషొకడు వచ్చాడు. పేరు బిపిన్. ఎవరో ముసలాయన తన సైకిల్ తుడుస్తున్నాడని చూసి ముందు నవ్వాడు. పోలీసునని చెప్పగానే ముఖం తెల్లబోయింది.

“సార్, నేను కొన్నాను. దొంగ కాదు. ఆటోలో తెస్తాడు, సండే. ఇక్కడ అందరూ కొన్నారు.”

గుమ్మంలో అతని భార్య బిడ్డను చంకనెత్తుకుని నిలబడింది. చెంచయ్య ఆమెను చూసి గొంతు తగ్గించాడు.

“భయపడకు. నువ్వు దొంగవని నేనన్లేదు. ఈ సైకిల్ ఒకామెది. ఆమె రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తోంది. ఆటోవాడు మళ్లీ ఎప్పుడొస్తాడు?”

“నెక్స్ట్ సండే రావాలి.”

ఆ తర్వాతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి చెంచయ్య, త్రినాథ్ ఆ షెడ్ల దగ్గర టీ బంకులో కూర్చున్నారు. పదింటికి ట్రాలీ ఆటో వచ్చింది. ఖాళీ టమాటా డబ్బాల కింద రెండు సైకిళ్లు. నడిపేవాడు వాటిని దించి స్టాండు వేశాక త్రినాథ్ వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. వాడు పారిపోలేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

“ఏంది సార్, సైకిళ్లేగా?”

చెంచయ్యకు చెవులు వేడెక్కాయి. “ఎక్కు బండి,” అని మాత్రం అన్నాడు.

ఆటోలోవి రెండూ కలుపుకుని, పదిహేడింట్లో పదకొండు సైకిళ్లు ఆ షెడ్ల దగ్గర తేలాయి. రఘురామ్ స్వయంగా వచ్చి చూసి, కేసు కట్టండి అన్నాడు. అసలు పని అప్పుడు మొదలైంది. పట్టుకున్న సొత్తు కోర్టు చెప్పేదాకా స్టేషన్ దాటకూడదు. స్టేషన్ వెనక అలా పడి తుప్పు పట్టిన వాహనాలు ఎన్నో ఉన్నాయి. చెంచయ్య పదకొండు మంది సొంతదారులనూ పిలిపించాడు. బిల్లు ఉన్నవాళ్ల దగ్గర బిల్లు, లేనివాళ్లకు షాపులో పాత రసీదు పుస్తకం వెతికించి నకలు తీయించాడు. శ్రీరమ్య సైకిల్‌కి బడి రిజిస్టరు చూసి హెడ్మాస్టరు కాగితం రాసిచ్చాడు. సైకిల్ తిరిగి ఇప్పించమని ఒక్కొక్కరి పేరునా అర్జీ రాసి, అందరినీ ఒక్క రోజే కోర్టుకు తీసుకెళ్లాడు. కొన్న కూలీలను ముద్దాయిల్లో చేర్చకుండా సాక్షులుగా పెట్టాడు. అలా చేయొచ్చా అని త్రినాథ్ అడిగాడు.

“వాళ్లు లేకపోతే ఆటోవాడు దొరికేవాడా? తెలిసి కొన్నారనడానికి నా దగ్గర ఏముంది? రాసింది చదువు,” అన్నాడు చెంచయ్య.

కోర్టు వరండాలో కోటిరత్నం, బిపిన్ పక్కపక్కనే కూర్చోవాల్సి వచ్చింది.  ముందు ఆమే అడిగింది.

“నా సైకిలు నువ్వేనా తొక్కింది?”

బిపిన్ తలాడించాడు.

“బ్రేకులు బాగు చేయించావంటగా. సారు చెప్పాడు.” అతని కాళ్ల వైపు చూసి, “ఇప్పుడు పనికెట్లా పోతున్నావు మరి?”

“నడిచి.”

“కాళ్లు నెప్పులు పుడతయ్. నాకు తెలుసు,” అంది కోటిరత్నం, సంచిలోంచి పప్పు చెక్కల పొట్లం తీసి అతని ముందు పెట్టింది.

సైకిల్ చేతికొచ్చిన రోజు ఆమె స్టేషన్ ముందే ఎక్కి కూర్చుంది. వెళ్లొస్తానని కూడా చెప్పలేదు. మలుపు దగ్గర గంట కొట్టింది, అంతే. చెంచయ్య అరుగు మీద నిలబడి ఆమె కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ రోజు ఇంటికెళ్లి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడని వెంకటేశ్వరమ్మ తర్వాత చెప్పింది.

కూలీల సంగతి ఆయన మనసులోనే ఉండిపోయింది. స్టేషన్ వెనక ఎవరూ అడగని పాత సైకిళ్లు పద్నాలుగు పడి ఉన్నాయి. వాటిని వేలం వెయ్యడానికి అనుమతి కోసం కాగితాలు రాయడం మొదలుపెట్టాడు. ఐదు నెలలు పట్టింది. వేలం రోజు షెడ్ల జనానికి కబురు పంపాడు. మస్తాన్ పాత టైర్లు, బేరింగులు పట్టుకొచ్చి రెండు రోజులు అక్కడే కూర్చుని వాటిని నడిచేలా చేశాడు. బిపిన్‌కి పెద్ద క్యారేజీ ఉన్న నల్ల సైకిల్ దక్కింది. బిడ్డను కూర్చోబెట్టడానికి ముందు కడ్డీ మీద మస్తాన్ చిన్న సీటు కూడా బిగించాడు.

అప్పట్నించి చెంచయ్య, మస్తాన్ కలిసి నెలకో ఆదివారం కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కూర్చుంటున్నారు. ఎవరు సైకిల్ తెస్తే దాని చైను రేకు మీద పేరూ ఫోన్ నంబరూ చెక్కి ఇస్తారు. సైకిల్ పోయిందని స్టేషన్‌కి ఎవరొచ్చినా ఇప్పుడు కేసు కడుతున్నారు. తేలని కేసులు పెరిగాయని మీటింగులో అన్నారట. తేలినవి కూడా పెరిగాయని రఘురామ్ చూపించాడట. ఊళ్లో కొందరు ఆయన్ని సైకిళ్ల సారు అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత వచ్చిన పేరు అదేమిటని వెంకటేశ్వరమ్మకు మొదట్లో చిన్నతనంగా ఉండేది. బజారులో కూరగాయల మనిషి ‘సైకిళ్ల సారుగారి ఆవిడేనా’ అని గుప్పెడు కొత్తిమీర ఎక్కువ వేసినప్పటి నించి ఏమీ అనడం మానేసింది.

పదిహేడింట్లో ఆరు ఇప్పటికీ దొరకలేదు. వాటిలో ఒకటి రామాలయం అర్చకుడు జానకిరామయ్యది. ఆకుపచ్చ రంగుది, ముందు బుట్ట ఉంటుంది, నైవేద్యం గిన్నె ఆ బుట్టలో పెట్టుకుని గుడికి వెళ్లేవాడు. డెబ్బై దాటిన మనిషి. అప్పుడప్పుడు స్టేషన్‌కి వచ్చి కూర్చుంటాడు.

“దొరికిందా చెంచయ్యా?”

“లేదండి.”

“పోన్లే. ఈ లోపల నడక అలవాటైంది. మజ్జిగ ఉంటే ఇప్పించు.”

పోయిన కార్తీకంలో చెంచయ్య సెలవు పెట్టి భార్యను సింగరాయకొండ మీది గుడికి తీసుకెళ్లాడు. కొండ కింద కొట్ల పక్కన నలభై యాభై సైకిళ్లు ఆపి ఉన్నాయి. చెంచయ్య అడుగు అటు పడింది. వరస చివరిదాకా నడిచి వెనక్కి తిరిగేసరికి, వెంకటేశ్వరమ్మ కొబ్బరికాయల సంచి పట్టుకుని అవతలి వరస చూస్తోంది.

“ఏమండీ, ఇక్కడొకటి ఆకుపచ్చగా ఉంది. బుట్ట కూడా ఉంది.”

ఆయన గబగబా వెళ్లి వంగి చూశాడు. అది ఆడవాళ్ల సైకిల్. కొత్తది.

“కాదు,” అన్నాడు.

“కాదా,” అంది ఆమె. సంచి ఆయన చేతికిచ్చి కొంగు నడుముకు దోపుకుంది. “పదండి, ఎండెక్కితే మెట్లు కాలుతాయి.”

ఇద్దరూ కొండెక్కారు.