సుభద్ర దీదీ నిలబెట్టిన చెయ్యి

మొన్న జడివానలో ఒకాయన రెయిన్‌కోటు పట్టుకుని మా షాపుకొచ్చాడు. ముందువైపు వెల్‌క్రో పట్టీ పట్టు తప్పిందట, కొత్తది కుట్టాలట. పాతదానికి ఇంకా ఎంత పట్టుందో చూద్దామని రెండు అంచులూ పట్టుకుని లాగాను. సర్రుమంది. ఆ చప్పుడుకి నా కుడిచెయ్యి దానంతట అదే ఆగిపోయింది. మణికట్టు వదులై, వేళ్ళు కొంచెం లోపలికి ముడుచుకుని, ఇప్పుడే ఎవరో కింద అరచెయ్యి ఆనించి పట్టుకుంటారన్నట్టు గాల్లో నిలబడింది. "ఏం దీదీ, దెబ్బ తగిలిందా?" అన్నాడాయన హిందీలో. లేదన్నాను. సునామీ వచ్చిన ఏడాది రోజూ వినే చప్పుడది. కుట్లు వేసిన చెయ్యి కదలకుండా కట్టిన అచ్చు పట్టీలు ఒక్కొక్కటీ అలా సర్రుమని ఊడుతుండగానే సుభద్ర దీదీ తన అరచెయ్యి నా చేతి కింద పెట్టేది. ఒక్కనాడు కూడా నా చెయ్యి ఆధారం లేకుండా వేలాడలేదు.

సుభద్ర దీదీ ఆక్యుపేషనల్ థెరపిస్టు. దెబ్బ తిన్న చేతుల్ని మళ్ళీ పనిలోకి తేవడం ఆవిడ వృత్తి. పోర్ట్ బ్లెయిర్‌లో అప్పట్లో ఆ మాటే చాలామందికి నోరు తిరిగేది కాదు. మా పెద్దమ్మయితే 'వేళ్ళ డాక్టరమ్మ' అని తేల్చేసింది. దీదీది ఇక్కడికి బస్సు దూరంలోని ఫెరార్గంజ్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వ్యవసాయం పట్టుకున్న కుటుంబం. సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో చదువుకుని, అక్కడే పెద్ద ఆసుపత్రిలో పనిచేసేది. సునామీ తర్వాత ఇక్కడివాళ్ళు చాలామంది దొరికిన ఓడెక్కి అటు వెళ్ళిపోతుంటే ఆవిడ అటునుంచి ఓడెక్కి ఇటొచ్చింది. ఎందుకొచ్చారని తర్వాతెప్పుడో అడిగాను. "తెగిన చేతులు ఇక్కడుంటే నేనక్కడ కూచుని ఏం చెయ్యను?" అంది. అంతకుమించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

నా చెయ్యి తెగింది ఆ ఆదివారం పొద్దున్నే. ఊళ్ళోనే డిగ్నాబాద్‌లో అద్దె ఇల్లు మాది. అమ్మ నా చిన్నప్పుడే పోతే పెద్దమ్మే పెంచింది. ముందుగదిలో నా కుట్టుమిషను, దాని మీదే మా ఇద్దరి బతుకు. భూమి కదిలినప్పుడు పెద్దమ్మ ఇంకా మంచం మీదే ఉంది. ఆవిణ్ణి లేవదీసి బయటికి లాగుతుంటే కిటికీ అద్దం పగిలి మీద పడబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను. అరచెయ్యి చీలిపోయింది. కాసేపటికి కింది వీధుల్లోకి సముద్రం వచ్చిందన్నారు. ఆసుపత్రికి వెళ్ళేసరికి వరండాల నిండా మనుషులు. ప్రాణం మీదికొచ్చినవాళ్ళ మధ్య నా చెయ్యి ఎంత? చర్మం కుట్టి, కట్టు కట్టి పంపించారు. కట్టు విప్పాకే తెలిసింది, నడిమి వేలూ ఉంగరం వేలూ వంగడం లేదని. తక్కిన వేళ్ళు ముడుచుకుంటే ఆ రెండూ తమది కాని పెళ్ళికి వచ్చినట్టు నిటారుగా నిలబడ్డాయి. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన సర్జన్లు చూసి, లోపల వేళ్ళను లాగే టెండన్లు తెగాయని చెప్పి, మళ్ళీ కోసి కలిపారు. "మా పని అయిపోయింది. ఇక ఆ మేడం చేతిలో ఉంది" అని మేడ మీది గది చూపించారు.

ఆ గదిలో దీదీ నన్ను ఎక్కడ నొప్పి అని అడగలేదు. "ఈ చెయ్యి ఏం పని చేసేదమ్మా?" అంది.

"బట్టలు కుడతాను దీదీ."

"కత్తిరింపు కూడా నువ్వేనా?"

"నేనే."

"మంచిది. అయితే నీకు చెప్పడం తేలిక." వేడినీళ్ళలో మెత్తబడ్డ తెల్లటి రేకులాంటిది తీసి నా చేతి వెనకవైపు పరిచి, తన వేళ్ళతో అచ్చు తీస్తూ చెప్పింది. "లంగా బొందు తెగితే కలిపి కుడతావు కదా. ఆ కుట్టు ఇంకా పచ్చిగా ఉండగానే గట్టిగా లాగితే ఏమవుతుంది?"

"ఊడిపోతుంది."

"అలా అని అసలు కదపకపోతే, ఈ బొందు చుట్టూ ఉన్న గుడ్డకి అతుక్కుపోతుంది. మరింక జన్మలో కదలదు. అంచేత మనం కదపాలి, లాగకూడదు. ఆ రెండిటి మధ్యనే మన బండి నడవాలి. సమఝీ?"

అర్థమైందన్నట్టు 'సమఝీ' అన్నాను కానీ ఆ దారి ఎంత సన్ననిదో నడిచాకే తెలిసింది. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను మెల్లగా లోపలికి వంచాలి. ఆ వేళ్ళు సొంత బలంతో దేన్నీ పట్టకూడదు. గ్లాసు కాదు, దువ్వెన కాదు, తలుపు గడియ కాదు. నిద్రలో కూడా అచ్చు తియ్యకూడదు. ఆలస్యంగా వెళితే దీదీ మాట కటువుగా ఉండేది. "నీ కోసం కాదు, నీ వేళ్ళ కోసం కూచున్నాను. అవి టైముకి రావాలి" అనేది. ఓదార్పు మాటలు ఆవిడకు రావు. నాకూ మొదట్లో కోపమొచ్చేది.

మా పెద్దమ్మ సంగతి వేరే. చెయ్యి అలా కట్టి ఉంచితే ఎండిపోతుందని ఆవిడ నమ్మకం. ఒకరోజు నూనె సీసాతో సహా ఆసుపత్రికి వచ్చేసింది. "డాక్టరమ్మా, ఓపాలి విప్పీ. నేను గట్టిగా రాసి నాలుగు లాగులు లాగితే దారికొచ్చీస్తాది! మా ఊర్ల ఎన్ని చేతులు బాగుచేసినాను!"

నేను బిక్కచచ్చిపోయాను, దీదీ ఏం కేకలేస్తుందోనని. దీదీ లేచి పెద్దమ్మకి కుర్చీ వేసింది. "పెద్దమ్మా, మీ చేతుల్తో నాకు చాలా పనుంది. ఇప్పుడు చెయ్యి ముట్టుకోకండి. భుజం నుంచి మోచెయ్యి దాకా రోజూ మీరే చూసుకోవాలి. కుట్లు మానాక ఆ మచ్చ గట్టిపడుతుంది. అప్పుడు మిమ్మల్నే పిలుస్తాను, నూనె తెండి" అంది. పెద్దమ్మ సీసా మూత బిగించుకుంది. అన్నట్టే, పుండు మానాక దీదీ ఆవిణ్ణి పిలిపించి, తన బొటనవేలు ఆవిడ బొటనవేలి మీద పెట్టి, మచ్చ మీద ఎంత బరువు వెయ్యాలో చూపించింది. తర్వాత ఆ పని ఒక్కపూట తప్పలేదు. వేళ్ళ డాక్టరమ్మ తనను అసిస్టెంటుగా పెట్టుకుందని పెద్దమ్మ వీధంతా చెప్పుకుంది.

ఆ రోజుల్లో భూమి ఊరికే కదులుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం అచ్చు విప్పి బల్ల మీద చెయ్యి పెట్టుకుని ఉండగా గది ఊగింది. "పానీ! పానీ!" అని కింద ఎవరో అరిచారు. అందరూ మెట్ల వైపు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. మెట్టు తప్పి ముందుకు తూలగానే కుడిచెయ్యి కమ్మీ కోసం చాచుకుంది. అది కమ్మీని పట్టి ఉంటే, నా బరువంతా ఆ పచ్చి కుట్ల మీద పడేది. వెనకనుంచి దీదీ నా మణికట్టు అందుకుని గుండెలకు అదుముకుంది. రెండో చెయ్యి నా నడుం చుట్టూ వేసింది. తన భుజం గోడకు రాసుకుంటూ, నన్ను దాదాపు మోసినట్టే కిందికి దింపింది. ఆవరణలోకి వచ్చాక నా వేళ్ళు ఒక్కొక్కటీ చూసి, చివరలు మెల్లగా వంగుతుంటే గట్టిగా ఊపిరి వదిలింది. అప్పుడు చూశాను. ఆవిడ మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"నిజంగా నీళ్ళొచ్చి ఉంటే దీదీ? నా చెయ్యి చూసుకుంటూ మీరు..."

"వస్తే ఇద్దరం పరిగెత్తేవాళ్ళం. రాలేదు కదా. రాని రోజుకి చెయ్యి కావాలి" అంది.

అందరం అప్పుడు నీళ్ళు వచ్చే రోజు గురించే ఆలోచిస్తున్నాం. రాని రోజుల గురించి ఆలోచించిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

అచ్చు తీసేసిన రోజున అంతా అయిపోయిందనుకున్నాను. ఇంటికి వచ్చి, కొంచెం కొంచెంగా పనులు మొదలుపెట్టమన్నారు కదా అని కత్తెర అందుకున్నాను. వేళ్ళు సగంలో ఆగిపోయాయి. కత్తెర జారి కింద పడింది. మర్నాడు ఆ గదికి వెళ్ళి, ఇక రానని చెప్పాను. "ఇన్నాళ్ళూ మీరు చెప్పిందల్లా చేశాను. కత్తెర పట్టుకోలేని చెయ్యి నాకెందుకు?" అని అందరి ముందూ ఏడ్చాను. దీదీ బాగవుతుందని మాట ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ పూటకి హాయిగా ఉండేదేమో.

రెండురోజుల తర్వాత ఆవిడే మా ఇంటికి వచ్చింది. మిషను ముందు కూర్చుని పెడలు తొక్కి చూసింది. నా కత్తెర పిడికి పాత గుడ్డ పీలికలు చుట్టి లావు చేసింది. సంచిలోంచి ఒక చొక్కా తీసింది. "ఇది థామస్‌ది. చెయ్యగలవేమో చూడు."

థామస్ భయ్యాని నేను ఆ గదిలో చూసేదాన్ని. కార్ నికోబార్ మనిషి. దుంగల కింద నలిగి ఆయన కుడిచెయ్యి పాడైంది. ఇంట్లోవాళ్ళు ఎవరూ మిగలలేదు. క్యాంపులో ఉండేవాడు. చెయ్యి బల్ల మీద పెట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు తప్ప చెప్పిన కసరత్తు చేసేవాడు కాదు. "కిస్‌కే లియే?" అన్నాడొకసారి, ఎవరి కోసం అని. దీదీ ఆ పూటంతా ఆయన పక్కనే కూర్చుంది.

"ఆదివారం చర్చికి వెళ్ళాలని ఉందట. దానంగా వచ్చిన చొక్కా ఇది. గుండీలు చిన్నవి, ఆ చేత్తో పెట్టుకోలేడు. ఇంకొకరి చేత పెట్టించుకోడానికి మనసొప్పదు. అందుకే వెళ్ళడం లేదు" అంది దీదీ.

"మరి నా చేత్తో ఎలా దీదీ?"

"నీకెలా వస్తే అలా. మంచి కుట్టు కావాలంటే బజార్లో ఇచ్చేదాన్ని కదా."

చిన్న గుండీలు విప్పడానికే ఒక పూట పట్టింది. కోటుకు వేసే పెద్ద గుండీలు దొరికాయి. వాటికి సరిపడా కాజాలు పెద్దవి చేసి, చుట్టూ చేత్తో కుట్టాలి. సూది ఉంగరం వేలి మీద ఆనదు. నడిమి వేలికి ఆనించి, మెల్లగా తోశాను. నొప్పి వస్తే ఆగి, పెద్దమ్మ చేత మచ్చ రుద్దించుకుని, మళ్ళీ కూర్చున్నాను. కుట్లు వంకరగా వచ్చాయి. ఊడదీసి మళ్ళీ కుట్టాను. మునుపు గంటలో అయ్యే పని, ఎన్నో పూటలు సాగింది. కానీ చివరి కాజా కుట్టేటప్పుడు నా వేళ్ళు సూదిని ఎలా పట్టుకున్నాయో నేను గమనించనే లేదు. పని అయ్యాక తలెత్తి చూసుకున్నాను. మునుపు సగంలో ఆగిన నడిమి వేలు అరచేతికి దగ్గరగా వచ్చి ఉంది.

ఆ చొక్కా థామస్ భయ్యా గదిలోనే వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం వెళ్ళలేదు. అన్నీ పెట్టుకున్నాక కాలరు సర్దుకుని, నా వైపు తిరిగి, "టేఢా హై, లేకిన్ మజ్‌బూత్ హై" అన్నాడు. వంకరగా ఉంది కానీ గట్టిగా ఉందని. అందరం నవ్వాం. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. తర్వాత వారం నుంచి ఆయన కసరత్తు మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళ వరకూ ఏదైనా బట్ట కుట్టించుకోవాలంటే నా దగ్గరికే వచ్చేవాడు.

నా ఉంగరం వేలు పూర్తిగా ముడుచుకోదు. ఆ సంగతి దీదీయే ఒకరోజు వేలి వంపు కొలిచిన స్కేలు పక్కన పెట్టి, నా కళ్ళలోకి చూసి చెప్పింది. "రాజీ, ఈ వేలు ఇంతే. ఇక నేను చెయ్యగలిగింది లేదు. నువ్వు చెయ్యగలిగింది చాలా ఉంది." ఆ మాట విని నేను ఏడవలేదు. అబద్ధం చెప్పని మనిషి నోటినుంచి ఆ రెండో వాక్యం రావడం నాకు చాలనిపించింది. అప్పటికే పక్కింటి పిల్లల యూనిఫారాలు నా మిషను మీద ఉన్నాయి.

దీదీ రిటైరయ్యాక ఫెరార్గంజ్‌లో అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. నేను బస్సెక్కి అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. గుమ్మంలో అడుగు పెట్టగానే "చెయ్యి చూపించు" అనేది, తర్వాతే మంచినీళ్ళు. ఇంటి వెనక బెండ మడుల మధ్య నడుస్తూ షాపు సంగతులు అడిగేది. నేను పని నేర్పే అమ్మాయిల పేర్లన్నీ ఆవిడకు తెలుసు. నాలుగేళ్ళ కిందట జ్వరంతో పోయింది. ఆఖరిచూపుకి వెళితే ఆవరణ నిండా నాకు తెలియని మనుషులు. ఒకాయన చెంబు పట్టుకున్న తీరు చూసి, ఇంకొకావిడ పూలు జారవిడిచిన తీరు చూసి, వీళ్ళంతా ఆ మేడమీది గదిలోంచి వచ్చినవాళ్ళేనని గుర్తుపట్టాను. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

ఇప్పుడు పెద్దమ్మకు చేతులు వణుకుతాయి. అన్నం ముద్ద కలిపి నోటిదాకా తెచ్చేలోపు సగం కంచంలోకి రాలిపోతుంది. చూసినవాళ్ళు, "నువ్వు తినిపించెయ్యచ్చు కదా రాజీ, పాపం" అంటారు. నాకూ చెయ్యి ముందుకు వెళ్ళబోతుంది. అప్పుడు, తొలిసారి నేను సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు, నా అవస్థ చూడలేక కాదు, చూస్తే తనే చెయ్యందించేస్తానేమోనని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి జెట్టీ వైపు చూస్తూ కూర్చున్న సుభద్ర దీదీ కనిపిస్తుంది. లోతు కంచం ఒకటి కొన్నాను. చేప ముళ్ళు తీసి, అన్నం కొంచెం మెత్తగా వండి పెడతాను. తర్వాత పెద్దమ్మ ఎదురుగా కూర్చుని ఆ వీధి కబుర్లూ ఈ వీధి కబుర్లూ చెబుతాను. ఆవిడ ముద్ద ఆవిడ నోటికి చేరేదాకా నా చేతులు నా ఒళ్ళోంచి కదలవు.