టీకా కాగితం

ఏడెన్ రేవులో పనిచేస్తున్న మా ఆయన దగ్గరికి ఓడలో వెళ్లడానికి పాస్‌పోర్టు, వీసా నేనే తిరిగి తిరిగి సంపాదించాను. వెంట మగవాళ్లెవరూ రాలేదా అని హైదరాబాదు ఆఫీసుల్లో అడిగిన ప్రతివాడికీ, "నాకు కాళ్లున్నయి" అని చెప్పాను. ఇక మిగిలింది మశూచి టీకా కాగితం. మెట్‌పల్లి డాక్టరు టీకా వేసి, పొక్కు లేచాక చూపిస్తే సంతకం పెడతానన్నాడు.

పొక్కు లేచింది. నన్ను కన్న అవ్వ అది చూడగానే గుమ్మానికి వేపమండలు కట్టి, నా చేతికి పసుపు పూసింది.

"పోచమ్మ తల్లి వచ్చింది బిడ్డా. తానం పోసేదాక గడప దాటద్దు."

"తల్లి రాలే అవ్వా, డాక్టరే సూదితోని తెచ్చిండు" అని, ఆ పసుపుతోనే దవాఖానకు నడిచాను. డాక్టరు పసుపు తుడిచి, పొక్కు చూసి, సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి కాగితాన్ని అవ్వ ముందు ఆడించాను.

"గిది లేకుంటె ఓడ ఎక్కనియ్యరు. గా రోగం సముద్రం దాటద్దని."

అవ్వ పాత పొక్కుల గుంటలు పడ్డ తన చెంపను తడుముకుంది.

"తల్లి నా మొఖం మీదికి వచ్చిననాడు ఆమెను ఎవ్వలు కాయితం అడగలే" అంది.