కంది చేను కేసు

ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలని చట్టంలో ఉంది. నేను ఆ దళంలో చేరడానికి కారణం అంతే. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గంజాయి పట్టుకోవడానికి మా ప్రాంతానికి ఒక ప్రత్యేక దళం వేశారు. ఒక ఆడమనిషి కావాలని పైనుంచి అడిగితే, మదనపల్లెలో మా ఎస్.ఐ. స్టేషన్లోని ఆడ కానిస్టేబుళ్లలో చిన్నదాన్నయిన నావైపు చూశాడు. నేను సరే అనేలోపే నా పేరు వెళ్లిపోయింది.

దళమంటే పెద్దగా ఏమీ లేదు. ఒక సి.ఐ., ఒక ముసలి హెడ్ కానిస్టేబులు, కొందరు కానిస్టేబుళ్లు, గేరు మార్చినప్పుడల్లా మూలిగే ఒక జీపు. తంబళ్లపల్లె మెట్టల నుంచి కుప్పం రైల్వే స్టేషన్ దాకా మాదే. కుప్పంలో బెంగళూరు వెళ్లే బండ్లు ఆగినప్పుడు సంచులు చూసేవాళ్లం. అనుమానం వచ్చిన ఆడవాళ్లను నేను ఒక గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, చీర కుచ్చిళ్ల దాకా తడిమి చూడాలి. ఎండుచేపలు, రాగిపిండి, పెళ్లికి కుట్టించిన రవికెలు, నడుముకు కట్టుకున్న చిల్లర మూటలు. ఎక్కువసార్లు దొరికేవి ఇవే. బయటికి వచ్చాక వాళ్లు నా ముఖం చూసేవాళ్లు కాదు. నేనూ చూసేదాన్ని కాదు.

ఆ పని కంటే దానికోసం కాచుకోవడం ఎక్కువ కష్టంగా ఉండేది. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. పొయ్యి మీద ఎసరు పెట్టి, దింపేదాకా ఇంట్లో ఉంటానో లేదో అనుకుంటూ నిలబడేదాన్ని. మా ఆయన ఇంట్లోనే బిడ్డను చూసుకుంటూ పట్టుచీరలు నేసేవాడు. మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగితే, జీపు వచ్చిందేమోనని నా చెయ్యి దానంతటదే కొంగు సవరించుకునేది. ఆయన దారం తెగిందని ఆపి ఉంటాడు, అంతే. పుంగనూరు బస్టాండులో కాపలా ఉన్నరోజున కూడా కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. వచ్చిన ప్రతి బస్సుకూ లేచేదాన్ని. "కూసో తల్లీ, ఆ బస్సులో యాడికీ పొయ్యేది లేదు మనం" అని హెడ్డు నవ్వేవాడు.

కంది పూతకొచ్చిన కాలంలో తంబళ్లపల్లె అవతల ఒక చేనులో గంజాయి వేశారని కబురు వచ్చింది. పొద్దున్నే వెళ్లాం. దూరానికి అది మామూలు కంది చేను. పసుప్పచ్చని పూత, గట్టు మీద వేప చెట్టు, ఒక మూల కొత్తగా వేసిన బోరు. లోపలికి దిగాక వాసన తగిలింది. కంది సాళ్ల మధ్యలో, కందంత ఎత్తుగా, ఆకులు వేళ్లలా విడిపోయిన మొక్కలు. అంత ముదురు చెట్లను నేను చూడడం అదే మొదటిసారి. చేనులో మనిషి లేడు. మావాళ్లు పీకడం మొదలుపెట్టారు.

చాలాసేపటికి ఊరి వైపు నుంచి ఒక ఆమె గొర్రెలను తోలుకుంటూ వచ్చింది. జీపును చూసి, గొర్రెలను దారిలోనే వదిలేసి, గట్టెక్కి పరిగెత్తింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో.

"ఏమప్పా, మా సేన్లో ఏం పీకతాండారు? కంది తొక్కేస్తాండారే!" అని అరిచింది.

సి.ఐ. ఒక మొక్క ఆమె ముందు పడేశాడు. "ఇదేందో తెలీదా నీకు?"

"మందాకు గదా సామీ. గుత్తకు జేసే అప్ప ఏసినాడు. మోకాళ్ల నొప్పుల నూనెకు పోతాదని చెప్పినాడు."

మిగిలింది ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొగుడు బెంగళూరులో కట్టుబడి పనికి పోయాడు. చేను బీడు పడి ఉంటే, కన్నడ కలిపి మాట్లాడే ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి కౌలుకు, వాళ్ల మాటలో గుత్తకు, అడిగాడు. బోరు వేయించాడు, విత్తనం ఆయనే తెచ్చాడు, నీళ్లు కట్టడానికి ఆయన మనుషులే వచ్చేవాళ్లు. ఊరేదో చెప్పలేదు. ఈమె అడగలేదు.

"పట్టా ఎవరి పేరు మీదుంది?" అని సి.ఐ. అడిగాడు.

"నా పేరు మీదే. మా నాయన ఇచ్చిన సేను."

ఆ మాటతో ఆమె ముద్దాయి అయిపోయింది. సోదా చేయమని సి.ఐ. నాకు సైగ చేశాడు. వేప చెట్టు వెనక్కి తీసుకెళ్లాను. రొంటిన ఆకూవక్కల సంచి, గొర్రెల దొడ్డిదేమో ఒక ఇనప తాళంచెవి. నా చేతులు ఆమె నడుము మీద ఉండగానే, "యాడికి తీసకపోతాండారు నన్ను?" అని అడిగింది. మదనపల్లెకని చెప్పాను. "అట్లయితే గొర్రెల్ని దొడ్లోకి తోలేసి వస్తానుండమ్మా" అంది, సంతకు పోయేదానిలాగా. ఆమెకు ఇంకా అర్థం కాలేదు.

గొర్రెలకు టైము లేదన్నాడు సి.ఐ. జీపు కదిలితే గొర్రెలు వెంట పడ్డాయి. ఆమె వెనక్కి తిరిగి, నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేస్తూ వాటిని ఇంటికి పొమ్మంటోంది. అవి ఆ చప్పుడుకే ఇంకా గట్టిగా పరిగెత్తాయి. తారు రోడ్డు ఎక్కాక అవి ఆగిపోయాయి. అప్పుడు ఆమె ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను. అది ఓదార్చడానికి పట్టుకున్న చెయ్యి కాదు. దూకకుండా పట్టుకోమన్నారు కాబట్టి పట్టుకున్నాను.

ఆమెను రిమాండుకు పంపారు. నేను ఇంటికొచ్చి అన్నం వండాను, బట్టలు ఉతికాను, మళ్లీ కుప్పం డ్యూటీకి వెళ్లాను. ఏది చేస్తున్నా మనసు నిలవలేదు. దొడ్డి తలుపు ఎవరు తీసి ఉంటారు అన్న ఆలోచన ఒకటి పట్టుకుంది. చివరికి సెలవు దొరికిన రోజున, మా ఆయనకు గుడికని చెప్పి, మామూలు చీర కట్టుకుని తంబళ్లపల్లె బస్సెక్కాను.

ఇంటి ముందర ఆమె అత్త వేరుశనక్కాయలు వలుస్తూ కూర్చుంది. నన్ను తేరిపార చూసి, "మా కోడల్ని ఎత్తుకపోయినోళ్లలో నువ్వుండావు గదా?" అంది. అవునన్నాను. ఊళ్లో ఎవరో చూపించి ఉంటారు. తిడుతుందనుకున్నాను. "కూసో" అంది. గొర్రెలను పక్కింటివాళ్లు కాస్తున్నారట, వకీలు కోసం సగం అమ్మేశారట. "ఆ గుత్తాయన మళ్లీ వచ్చినాడా?" అని అడిగాను.

"ఇంకెందుకు వస్తాడు? బోరు మోటారు గూడా పీక్కపోయినాడు, మీరు వచ్చిన మర్నాడే. మీరు ఒక మనిషిని ఈడ పెట్టింటే దొరికేటోడు."

ఆ మాట తీసుకెళ్లి సి.ఐ.కి చెప్పాను. నా సెలవు రోజున అక్కడ నాకేం పని అని ముందు కేకలేశాడు. తర్వాత కాసేపు పేపరు తిరగేస్తూ, "వాడు బార్డరు దాటుంటాడు. యాడని వెతికేది? పట్టా ఆమెది, పంట ఆమె చేన్లో ఉండాది. మనకు అంతే" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. నా బిడ్డకు జ్వరమొస్తే జీపులోనే ఆసుపత్రికి పంపిన మనిషి. కానీ పైవాళ్లకు ప్రతి నెలా ఏదో ఒకటి చూపించాలి, ఆ నెల చూపించడానికి ఆమె ఉంది.

చిత్తూరు కోర్టులో కేసు విచారణకు రావడానికి చాలాకాలం పట్టింది. ఆమె అప్పటికి బెయిలు మీద బయటికి వచ్చి ఉంది. నా సాక్ష్యం ముందురోజు సి.ఐ. నన్ను పిలిచాడు.

"ఏం లేదమ్మా. మనం పొయ్యేటప్పటికి ఆమె చేన్లో నీళ్లు కడతా ఉండాదని చెప్పు. అందరూ అదే చెప్తారు."

"ఆమె తర్వాత కదా సార్ వచ్చింది, గొర్రెల్ని తోలుకుని."

"నాకు తెలీదా? తర్వాత వచ్చిందంటే కేసు నిలవదు. చెట్లు పీకింది నిజం గదా, గంజాయి నిజం గదా. ఒక్క ముక్క అటూ ఇటూ."

ఈ సంగతి ఇంట్లో మా ఆయనతో అన్నాను. నేత ఆపి, మగ్గం గుంటలో నుంచి తలెత్తాడు. "నీ ఇష్టం. ఉద్యోగం పోతే మగ్గం ఉండాది. కానీ ఇట్లా ఇంట్లో తిరగతా ఉండొద్దు. నాకు పోగులు తప్పతాండాయి" అన్నాడు. నిజమే, నేను వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు బోనులో నిలబడ్డాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆమె ఎదురుగా, కొత్త ముతక చీరలో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ప్రభుత్వ వకీలు అడిగినవాటికి చెప్పాను: వెళ్లాం, వాసన వచ్చింది, పీకాం. ఆ తర్వాత ఆమె వకీలు లేచాడు. పొట్టి మనిషి, జలుబు చేసినట్టుంది, రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ అడిగాడు.

"మీరు చేరేసరికి ముద్దాయి చేనులో ఉందా?"

ముందే తీర్మానించుకుని వచ్చానని చెప్పలేను. ఉందని చెప్పడానికే నోరు తెరిచానేమో కూడా. "లేదు సార్" అన్నాను. గొంతు మరీ పెద్దగా వచ్చింది. "మేం పీకతా ఉంటే గొర్రెల్ని తోలుకుని వచ్చింది. ఏం పీకతాండారని మమ్మల్నే అడిగింది."

ఆ వకీలు తుడుచుకోవడం ఆపేశాడు. తర్వాత ఏమడగాలో ఆయనకు తోచినట్టు లేదు. నేను సి.ఐ. వైపు చూడలేదు. దిగేటప్పుడు చెక్క పట్టుకుని దిగాను.

తిరుగు దారిలో పుంగనూరులో టీకి ఆపారు. సి.ఐ. నా దగ్గరికి వచ్చి, "నన్ను అడిగేటోళ్లు పైన ఉండారమ్మా. వాళ్లకు నేనేం చెప్పాల?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా జవాబు అడుగుతున్నట్టే అన్నాడు. హెడ్డు టీ గ్లాసు నా చేతికిచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

తీర్పులో ఆమెను వదిలేశారు. నన్ను దళం నుంచి తీసేసి కుప్పం స్టేషన్‌కు వేశారు. ఉద్యోగం పోలేదు గాని, ఇల్లూ బిడ్డా మదనపల్లెలో, నేను కుప్పంలో. వారానికోసారి పుంగనూరు మీదుగా బస్సులు మారుకుంటూ వచ్చిపోయేదాన్ని. కుప్పంలో అద్దె గదిలో ఉన్నా, ఇంట్లో ఉన్నా, ఉండాల్సింది ఇంకోచోటన్నట్టే ఉండేది. గుత్తాయన ఎవరో ఎప్పటికీ తేలలేదు.

ఆమెను ఇంకొక్కసారి చూశాను. మదనపల్లె బస్టాండులో బెంగళూరు బస్సు దగ్గర, పక్కన మొగుడు, కాళ్ల దగ్గర సిమెంటు గోతాల్లో సామాను. నేనే పలకరించాను. మామూలు చీరలో ఉన్న నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. గుర్తుపట్టాక భయపడింది.

"ఊరికే పలకరిద్దామనే అక్కా. యాడికి?"

"బెంగళూరికే. ఇద్దరం పనికి పోతాండాం. సేను అమ్మేసినాం." కాస్త ధైర్యం వచ్చినట్టుంది. "కేసు కొట్టేసినారు, తెలుసునా నీకు? మా వకీలు శానా గట్టోడు. కోర్టులో అట్లా మాట్లాడినాడంట, అందరూ చెప్పినారు. నాకు ఆ దినం ఒగటీ ఇనపళ్లేదు, చెవుల్లో ఒకటే హోరు."

చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కొంచెం కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. ఆమె మొగుడు గోతాలు పైకి అందిస్తూ తొందరపెడుతున్నాడు.

"మంచి వకీలే అక్కా" అన్నాను.

ఆమె బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. మొగుడు ఏదో అన్నదానికి నవ్వుతూ అటు తిరిగింది. నేను కుప్పం వెళ్లాల్సినదాన్ని, పుంగనూరు బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో కనుక్కోవడానికి విచారణ కిటికీ వైపు నడిచాను.